ఉత్తరం గురించి ఉత్తరాలు

నా నార్వే ప్రయాణం గురించి ఈ పత్రికలో రెండు నెలల కిందట రాశాను. బెర్గెన్ రేవులో ఓడెక్కి, ఫ్యోర్డుల గుండా పైపైకి పోయి, స్వాల్బార్డ్ దీవుల్లో లాంగియర్‌బ్యెన్ అనే ఊళ్ళో దిగాం. పదమూడు రోజులు. 2025 జూన్‌లో నేనూ, మా ఆయనా వెళ్ళాం. మా అమ్మాయి నార్వేలోనే స్టవాంగర్‌లో ఉద్యోగం చేస్తోంది కాబట్టి సగం ధైర్యం తనది. అది అచ్చయినప్పటి నుంచి ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ ఆగలేదు. ముప్పై ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని, ప్రశ్న వినబడితే నోరు ఊరుకోదు. కొన్నిటికి రెండు ముక్కలే రాశాను, కొన్నిటికి పేజీ దాటింది. దానికి లెక్కేమీ లేదు.

కొవ్వూరు పాఠకుడు: టీచర్ గారూ, ఫ్యోర్డ్ అంటే మన పాపికొండల్లాంటిదేనా? దానికోసం అంత దూరం పోవాలా?

మొదటి చూపుకి అలాగే ఉంటుంది బాబూ. రెండు పక్కలా కొండలు, మధ్యన నీళ్ళు, ఒక మలుపు తిరిగితే ఇంకో మలుపు. ఓడ గైరాంగర్ ఫ్యోర్డ్‌లోకి తిరగ్గానే మా ఆయన "ఇదేదో పేరంటాలపల్లి దారిలా ఉందే" అన్నారు. కానీ పాపికొండల్ని కోసింది నది. నది అడుక్కి కోసుకుంటూ పోతుంది కాబట్టి లోయ కిందికి వెళ్ళేకొద్దీ ఇరుకవుతుంది. ఫ్యోర్డ్‌ని చెక్కింది హిమానీనదం. వందల మీటర్ల మందం ఉన్న మంచు వేల ఏళ్ళు మెల్లగా జరుగుతూ అడుగునీ గోడల్నీ కలిపి గీకేసింది. మంచు వెనక్కి తగ్గాక ఆ గోతిలోకి సముద్రం వచ్చి కూర్చుంది. నల్లబల్ల మీద నేను ఏటా గీసిన బొమ్మే ఇది: నది లోయ గరాటులా, మంచు లోయ గంగాళంలా.

కాబట్టి అక్కడున్నది నది నీరు కాదు, సముద్రమే. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది గానీ మన ఉప్పాడ సముద్రమంత కాదు. కొండల మీద కరిగిన మంచునీళ్ళు తేలికగా ఉండి పైపొరలో తేలుతుంటాయి. ఇంకో తమాషా. సోగ్నె ఫ్యోర్డ్ అని ఉంది, 200 కిలోమీటర్లు దేశం లోపలికి చొచ్చుకుపోయింది. దాని లోతు లోపల 1,300 మీటర్లు దాటుతుంది. సముద్రంలో కలిసే చోట మాత్రం 200 మీటర్లు కూడా ఉండదు. సముద్రం దగ్గరికి వచ్చేసరికి మంచు పల్చబడి బలం తగ్గి, అక్కడ అంత లోతుగా గీకలేకపోయింది. ఇంటికి గడప ఉన్నట్టు ఫ్యోర్డ్‌కీ గడప మిగిలింది.

గైరాంగర్‌లో ఏడుగురు అక్కచెల్లెళ్ళు అనే జలపాతం ఫోటో అందరూ తీస్తారు, నేనూ తీశాను. నాకు గుర్తుండిపోయింది మాత్రం కొండ అంచున, కాలు జారితే నీళ్ళలోనే అన్నట్టున్న చోట వదిలేసిన పాత రైతు ఇళ్ళు. అక్కడ పిల్లల్ని కింద పడకుండా తాడుతో కట్టేసేవారట. అదే ఫ్యోర్డ్ దారిలో ఓకర్‌నేసెట్ అనే కొండకు పగులుంది, అది మెల్లగా జారుతోంది. పరికరాలు పెట్టి రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉంటారు. దగ్గర్లోనే తాఫ్యోర్డ్‌లో 1934లో ఇలాగే కొండచరియ నీళ్ళలో పడితే లేచిన అల 40 మందిని మింగింది. అందంగా ఉన్న చోటని ఊరికే చూసుకుంటూ వచ్చేస్తాం, అక్కడ కాపురం ఉండేవాళ్ళ సంగతి వేరు.

ఎందుకు పోవాలి అన్నారు. పాపికొండలు చూడకపోతే ముందు అవే చూడండి.

కూకట్‌పల్లి పాఠకురాలు: వీసా ఎలా అమ్మా? ఏజెంటు అన్నీ చూసుకుంటాడా?

ఏజెంటు చూసుకుంటాడు, మీరు ఏజెంటుని చూసుకోవాలి. మాకు కుదిరినాయన "సింగిల్ ఎంట్రీ షెంగెన్ చాలండీ, ఒకటే దేశం కదా" అని ఫారం నింపేశాడు. షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమి. రాత్రి ఫోన్లో మా అమ్మాయి చూసి కేక పెట్టింది. స్వాల్బార్డ్ నార్వేదే, కానీ షెంగెన్ హద్దుకి బయట ఉంది. అక్కడికి వెళ్తే షెంగెన్ దాటినట్టు, తిరిగి ఓస్లో వచ్చేటప్పుడు మళ్ళీ లోపలికి వచ్చినట్టు. రెండుసార్లు లోపలికి రానిచ్చే వీసా ఉండాలి. లేకపోతే లాంగియర్‌బ్యెన్ విమానాశ్రయంలో గంపలా కూర్చోవాల్సిందే.

తమాషా ఏమిటంటే స్వాల్బార్డ్‌కి మాత్రం ఏ వీసా అక్కర్లేదు. 1920లో ఆ దీవుల మీద ఒప్పందం రాసుకున్నప్పుడు బ్రిటిషువాళ్ళ కింద ఉన్న మన దేశం కూడా సంతకం పెట్టిన పార్టీల్లో ఒకటి. వీసా అక్కర్లేని ఊరికి పోవడానికి రెండుసార్ల వీసా! 30,000 యూరోల ఇన్సూరెన్సు కూడా చూపించాలి. ఓడవాళ్ళు హెలికాప్టర్‌తో ఆస్పత్రికి చేర్చే ఖర్చుకి ఇంకో ఇన్సూరెన్సు అడుగుతారు, దాని దగ్గర పిసినారితనం వద్దు.

రంపచోడవరం పాఠకుడు: 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పటి నుంచి పడవంటే మా ఇంట్లో వణుకు. మీకు భయం వెయ్యలేదా? మోకాళ్ళ నొప్పులవాళ్ళు వెళ్ళొచ్చా?

వేసింది నాయనా. ఆ సెప్టెంబర్‌లో మా స్కూలు పక్క వీధిలో కూడా ఏడుపులు విన్నాం. ఓడెక్కిన రోజే సైరన్ మోగించి, అందరినీ లైఫ్ జాకెట్లతో గుమిగూడే చోటికి రప్పించి, పేరు పేరునా పిలిచి లెక్క చూస్తారు. అది అయ్యాకే ఓడ కదిలింది. మా ఆయన టీ తాగుతున్నానని రెండు నిమిషాలు ఆలస్యంగా వస్తే 180 మంది ఆయన కోసం నిలబడ్డారు. జన్మలో ఆయన ముఖం అంత చిన్నబోవడం చూడలేదు.

ఓడ నుంచి ఒడ్డుకి జోడియాక్ అనే రబ్బరు పడవలో తీసుకెళ్తారు. పడవ ఎగిరెగిరి పడుతుంటుంది, మెట్టు మీంచి దాంట్లోకి అడుగెయ్యాలి. అప్పుడు చెయ్యి ఇస్తే అరచేతులు కలపకూడదు, ఒకరి మణికట్టు పైన ఒకరు పట్టుకోవాలి. తడి చేతులు జారతాయి, ముంజేతులు జారవు. మొదటిరోజు నలుగురు పట్టుకుంటే గానీ దిగలేకపోయాను, నాలుగోరోజు నేనే ఇంకొకావిడకి చెప్పాను. ఒడ్డున మెట్లుండవు, పడవ అంచు మీద కూర్చుని కాళ్ళు తిప్పి మోకాటిలోతు నీళ్ళలోకి దిగాలి. మోకాలు వంగకపోతే ఇబ్బందే. వంగుతుంది గానీ నొప్పి అంటే వెళ్ళొచ్చు, ఒడ్డున తక్కువ దూరం నడిచే జట్టు వేరే ఉంటుంది. నాది అదే జట్టు.

తణుకు పాఠకురాలు: చీర కట్టుకోవచ్చా?

ఓడలో కట్టుకోండి. కెప్టెన్ విందు రోజు ఉప్పాడ జరీ చీర కట్టాను, పక్క టేబుల్ జర్మన్ ఆవిడ కొంగు పట్టుకుని వదల్లేదు. ఒడ్డుకి మాత్రం లోపల ఉన్ని థర్మల్స్, మధ్యన ఇంకో ఉన్నిది, పైన నీళ్ళు దిగని ప్యాంటూ కోటూ. కాటన్ బనియన్లు ఇంట్లో వదిలెయ్యండి. చెమట పీల్చి తడిసిపోతాయి, ఆ తడి ఒంటికి అంటుకుంటే వణుకు తగ్గదు. జూన్‌లో స్వాల్బార్డ్‌లో మాకు రెండు నుంచి ఐదు డిగ్రీలు ఉంది. చలి కన్నా గాలి పొడిచేస్తుంది.

అమలాపురం పాఠకుడు, పెద్దాయన: అక్కడ సూర్యుడు అస్తమించడు కదా, మరి సంధ్యావందనం ఎలా చేశారు?

మావారు వాచీలో టైము మార్చలేదండీ. నార్వేలో వేసవి టైము మనకన్నా మూడున్నర గంటలు వెనక. రాజమండ్రిలో పొద్దుగూకే వేళకి ఓడలో మధ్యాహ్నం మూడు దాటుతుంది. ఆ టైముకి కేబిన్ కిటికీ దగ్గర కూర్చునేవారు. పొద్దుటిది మాత్రం అక్కడి లెక్కన తెల్లవారుజామున రెండు, అది రెండు రోజులకే మానేశారు. శాస్త్రం ఏమంటుందో మీకే బాగా తెలియాలి, ఆయన లెక్క నాకు నచ్చింది.

నా వెర్రి వేరు. లాంగియర్‌బ్యెన్‌లో ఏప్రిల్ 20 ప్రాంతంలో పైన ఉండిపోయిన సూర్యుడు ఆగస్టు 20 దాటాకే కిందికి దిగుతాడు. క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో! చూడ్డం వేరు. అర్ధరాత్రి పన్నెండుకి డెక్ మీద నిలబడి చెయ్యి చాపి పిడికిలి బిగించాను. చాపిన చేతి పిడికిలి ఆకాశంలో సుమారు పది డిగ్రీలు కప్పుతుంది. సూర్యుడు పిడికిలికి కాస్త పైన ఉన్నాడు, దాదాపు ఉత్తర దిక్కున. మన ఊళ్ళో కూడా జూన్ మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కొద్దిగా ఉత్తరానికే ఉంటాడు, కావాలంటే నీడ చూసుకోండి. కానీ అర్ధరాత్రి ఉత్తరాన సూర్యుణ్ణి చూసి నేను పిచ్చిదానిలా చప్పట్లు కొట్టాను. నిద్రకి కళ్ళగంతలు పట్టుకెళ్ళండి.

గుంటూరు పాఠకురాలు: ఆవకాయ తీసుకెళ్ళనిస్తారా? శాకాహారులకి తిండి దొరుకుతుందా?

పచ్చళ్ళకి మాకు ఎవరూ అడ్డు చెప్పలేదు. నెయ్యి, కోవా లాంటి పాల సరుకూ, మాంసం మాత్రం మన దేశం నుంచి నార్వేకి తేకూడదు. నేను గోంగూర సీసా తీసుకెళ్ళాను, నాలుగోరోజుకి వంటవాళ్ళే నా టేబుల్ దగ్గరికి వచ్చి అడగడం మొదలుపెట్టారు. ముందే చెప్పి ఉంచితే కూరగాయలూ పప్పూ చేసి పెడతారు. పెరుగుకి లోటు లేదు. బ్రూనోస్ట్ అని బెల్లం రంగు చీజ్ ఒకటి ఉంది. పాలవిరుగుడు నీళ్ళని ఎర్రబడేదాకా మరిగించి చేస్తారు. అడుగంటిన పాలకోవాలో ఎవరో చిటికెడు ఉప్పు వేసినట్టుంది. మొదటి ముక్క నచ్చలేదు, మూడో రోజు నుంచి వదల్లేదు.

లోఫోటెన్ దీవుల్లో ఎండు చేపల వాసన గురించి ముందే చెప్తున్నా. చలికాలంలో బారెంట్స్ సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి వచ్చే కాడ్ చేపల్ని పట్టి, జతలు జతలుగా కట్టి, కర్ర పందిళ్ళకి వేలాడదీస్తారు. ఉప్పు వెయ్యరు, చలిగాలికే ఎండిపోతాయి. మనకైతే ఆ తేమకి పురుగు పట్టేస్తుంది. మేం వెళ్ళేసరికి చేపలు దించేస్తున్నారు, తలకాయలు మాత్రం ఇంకా గుత్తులుగా వేలాడుతున్నాయి. ఆ తలకాయలు నైజీరియా వెళ్తాయి, అక్కడ పులుసులో వేసుకుంటారు. మా ఆయన ముక్కుకి రుమాలు కట్టుకున్నారు, నాకు మాత్రం చిన్నప్పుడు మా మేనత్త ఊరు గుర్తొచ్చింది.

భీమవరం పాఠకుడు: ఓడ ఊగితే వాంతులు అవుతాయా?

ఫ్యోర్డుల్లో పళ్ళెంలో నీళ్ళలా ఉంటుంది. నార్వే తీరం వదిలి బేర్ దీవి వైపు పోయేటప్పుడు తెలుస్తుంది. "గోదారి నీళ్ళు తాగినదాన్ని, నాకేంటి" అని మాత్ర వేసుకోలేదు. ఒక పగలూ ఒక రాత్రీ కేబిన్ కప్పు వంక చూస్తూ పడుకున్నాను. దారిలో వచ్చిన తిమింగలాన్ని మా ఆయన చూశారు, నేను చూడలేదు, ఇప్పటికీ ఎత్తిపొడుస్తున్నారు. మాత్ర వాంతి వచ్చాక కాదు, ఓడ ఊగకముందే వేసుకోవాలి. ఏది వేసుకోవాలో మీ డాక్టర్‌ని అడగండి. కేబిన్ కింది అంతస్తులో, ఓడ నడిమధ్యన తీసుకుంటే ఊపు తక్కువ, చవక కూడా.

విజయవాడ పాఠకుడు: మేడమ్, ధ్రువపు ఎలుగుబంటిని దగ్గర నుంచి చూశారా? ఫోటో పెట్టలేదేం?

దగ్గర నుంచి చూడలేదు, చూడనివ్వరు. 2025 నుంచి స్వాల్బార్డ్‌లో ఎలుగుకి కనీసం 300 మీటర్ల దూరంలో ఉండాలి. మార్చి నుంచి జూన్ నెలాఖరు దాకా అది 500 మీటర్లు. అవి పిల్లల్ని వెంటేసుకుని మంచు మీద సీల్‌లని వేటాడే రోజులు. మనం దగ్గరికి పోతే దాని వేట చెడుతుంది, తర్వాతి వేట ఎప్పుడు దొరుకుతుందో దానికే తెలియదు. మేం వెళ్ళింది జూన్. 500 మీటర్లంటే మా వీధి మొదట్లో నిలబడి రైల్వే గేటు దగ్గరున్న ఆవుని చూడ్డం.

రాత్రి పదకొండున్నరకి స్పీకర్లో గైడు గొంతు చాలా మెల్లగా వినిపించింది. నైటీ మీదే కోటు తొడుక్కుని పరిగెత్తాను. డెక్ మీద నూట ఎనభై మంది, సగం మంది చెప్పుల్లో, ఒక్కరూ మాట్లాడ్డం లేదు. ఫ్యోర్డ్ చివర ఇంకా కరగని సముద్రపు మంచు మీద గైడు చూపించిన చోట నాకేమీ కనబడలేదు. ఆయన టెలిస్కోప్‌లో కన్ను పెట్టమన్నాడు. అప్పుడు తెలిసింది, ఎలుగు తెల్లగా ఉండదు. మంచు తెలుపు, అది కాచిన నెయ్యి రంగు. పడుకుని ఉంది. నా వంతు ముగ్గురి తర్వాత మళ్ళీ వచ్చింది, అప్పటికీ పడుకునే ఉంది. ఒక్కసారి తల ఎత్తి గాలి వాసన చూసి మళ్ళీ ముంజేతుల మీద గడ్డం ఆనించింది. మా పాత టామీ గుమ్మంలో అచ్చం అలాగే పడుకునేది. నలభై నిమిషాలు ఇంతే. మా ఆయన "ఇంతేనా?" అన్నారు చెవిలో. నేను సమాధానం చెప్పలేదు, కళ్ళు తుడుచుకుంటున్నాను.

ఫోటో తీశాను బాబూ. ఫోన్లో అది తెల్లకాగితం మీద పసుపు చుక్క. సంపాదకులు వెయ్యనన్నారు, ఆయన తప్పేం లేదు.

ఎలుగు కోసమే వెళ్ళేటట్లయితే వద్దంటాను. ఒకరోజు కోట్లూ బూట్లూ లైఫ్ జాకెట్లూ వేసుకుని నలభై నిమిషాలు వరుసలో నిలబడ్డాక దిగడం రద్దన్నారు. ఒడ్డున పొగమంచు పట్టేసింది. పొగమంచులో ఎలుగు ఎంత దగ్గర్లో ఉందో గైడులకి కనబడదు. వాళ్ళ భుజాన తుపాకీ ఉంటుంది గానీ దాన్ని కాల్చే పరిస్థితి రాకుండా చూడ్డమే వాళ్ళ పని. ఒకాయన డబ్బులు వెనక్కిమ్మని గొడవపడ్డాడు. ఇలాంటి ఓడ టికెట్టులో ఫలానా రోజు ఫలానా చోట దిగుతాం అనే మాట ఉండదు. వాతావరణాన్ని బట్టి అనే మాటే ఉంటుంది. అది చదివి సంతకం పెట్టండి.

సంగారెడ్డి పాఠకుడు, రైతు: మా పటాన్‌చెరు ఇక్రిశాట్ పంటల పరిశోధన కేంద్రం నుంచి జొన్న విత్తనాలు ఆ మంచు దేశంలో దాచారని విన్నాను. నిజమేనా అమ్మా?

నిజమే అన్నా. లాంగియర్‌బ్యెన్ విమానాశ్రయం పైన కొండలోకి సొరంగం తవ్వి 2008 ఫిబ్రవరిలో ప్రపంచ విత్తన భాండాగారం తెరిచారు. మైనస్ 18 డిగ్రీల చలిలో ఉంచుతారు. కరెంటు పోయినా చుట్టూ గడ్డకట్టి ఉన్న నేల కొంతకాలం కాపాడుతుంది. ఇక్రిశాట్ వాళ్ళు జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ రకాలు పెట్టెల్లో పంపారు. పెట్టె ఎవరు పంపితే వాళ్ళదే. నార్వేవాళ్ళు కూడా దాన్ని తెరవరు. 2015లో మొదటిసారి పెట్టెలు వెనక్కి తీశారు. సిరియా యుద్ధంలో అలెప్పో విత్తన కేంద్రం చేతికి అందకుండా పోతే, అక్కడివాళ్ళు తాము దాచుకున్నవి తెచ్చుకుని వేరే చోట నాటి పెంచారు. ఆ మరుసటి ఏడు సొరంగం మొదట్లోకి మంచు కరిగిన నీళ్ళు వచ్చాయి. విత్తనాల దాకా రాలేదు గానీ దారి మళ్ళీ కట్టుకోవలసి వచ్చింది.

లోపలికి మనల్ని రానివ్వరు. కొండలోంచి పొడుచుకొచ్చిన సిమెంటు గుమ్మం, దాని నెత్తిన మెరిసే అద్దాలు, అంతే. టాక్సీ ఆపించి పది నిమిషాలు నిలబడ్డాను. మా నాన్న వేసిన పచ్చజొన్న కూడా అందులో ఉండే ఉంటుందని అనుకున్నాను, ఉందో లేదో ఎవరు చూడొచ్చారు.

దీనికి ముందు ట్రోమ్సో దగ్గర జరిగింది చెప్పాలి. స్వాల్బార్డ్ నేల మీద కాలు పెట్టేముందు ప్రతివాళ్ళ బట్టలూ సంచులూ తనిఖీ చేస్తారు. బయటి గింజ ఒక్కటి కూడా ఆ నేల మీద పడకూడదు. ఓడ హాల్లో వ్యాక్యూమ్ క్లీనర్లు వరసగా పెట్టారు. జేబుల మూలలు, జిప్పుల సందులు, వెల్క్రో పట్టీలు అన్నీ పీల్చాలి. నాది శుభ్రమే అనుకుని ధీమాగా సంచీ ఇచ్చాను. గైడు పిల్ల టార్చి వేసి చూసి, పట్టకారుతో నా స్పోర్ట్స్ షూ లేసులోంచి ఒక్కొక్కటిగా నాలుగు గింజలు తీసి తెల్ల కాగితం మీద పెట్టింది. ఉత్తరేణి! మా పెరట్లో బావి పక్కన పొద్దున్నే నడుస్తానే, అక్కడివి. వాటి ముళ్ళు ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే విమానాలు మారినా వదల్లేదు. పేరేమిటని అడిగింది. వినాయక చవితికి దీని ఆకు పూజలో పెడతామనీ, మా తాత దీని పుల్లతో పళ్ళు తోముకునేవాడనీ చెప్పాను. తన నోట్‌బుక్‌లో గింజల్ని టేపుతో అంటించుకుని, పక్కన తెలుగులో పేరు రాయమంది. రాశాను. పేరులోనే ఉత్తరం ఉన్నా పాపం ఉత్తరేణికి ఉత్తరంలోకి ప్రవేశం దొరకలేదు.

నెల్లూరు పాఠకుడు: మన దేశపు పరిశోధన కేంద్రం చూశారా?

నీ ఓలెసుండ్ అనే చిన్న శాస్త్రవేత్తల ఊళ్ళో ఉంది, పేరు హిమాద్రి. 2008 జులైలో తెరిచారు. బయటి నుంచే చూశాం, చిన్న చెక్క ఇల్లు. ఆ ఊళ్ళో ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. ఆకాశం నుంచి వచ్చే బలహీనమైన రేడియో సంకేతాలు వినే పరికరాలు అక్కడున్నాయి, మన ఫోన్ మోత వాటికి అడ్డం. ఊరి ముందున్న ఫ్యోర్డ్ నీళ్ళ అడుగున 2014లో మనవాళ్ళు ఒక పరికరాల తాడు దించారు. ధ్రువపు నీళ్ళ మార్పుకీ మన వానాకాలానికీ సంబంధం ఏమిటో తెలుసుకోవడం వాళ్ళ పనుల్లో ఒకటి. మనకి జూన్‌లో వాన ఎప్పుడొస్తుందా అని టెన్షన్, దాని గుట్టు కొంత అక్కడ వెతుకుతున్నారు.

హైదరాబాద్ పాఠకురాలు: మీలాంటివాళ్ళు ఓడల్లో వెళ్ళడం వల్లే కదా ఆ మంచు కరుగుతోంది? ఎంత ఖర్చయింది?

మొదటి ప్రశ్న నన్ను గుచ్చింది, గుచ్చాలి కూడా. మేం విమానంలో వెళ్ళాం, ఓడలో తిరిగాం, పొగ వదిలాం. నియమాలు బిగిస్తున్న మాట నిజం. స్వాల్బార్డ్ జలాల్లో 2022 నుంచి మడ్డి ఇంధనం నిషేధం. 2025 నుంచి రక్షిత ప్రాంతాల్లోకి 200 మందికి మించిన ఓడ రాకూడదు, అక్కడ దిగడానికి 43 చోట్లే. గైరాంగర్ లాంటి ప్రపంచ వారసత్వ ఫ్యోర్డుల్లో 10,000 టన్నుల లోపు ప్రయాణికుల ఓడలు 2026 జనవరి నుంచి కాలుష్యం లేకుండా నడవాలి, పెద్దవాటికి 2032 దాకా గడువిచ్చారు. పెద్దవాటికే ఎక్కువ గడువు ఎందుకో మీరే ఆలోచించండి.

ఒక హిమానీనదం ముందు రబ్బరు పడవ ఇంజను ఆపేశారు. చుట్టూ తేలే మంచు ముక్కల్లోంచి పోపులో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు. ఎప్పుడో మంచులో చిక్కుకున్న గాలి, అది కరుగుతుంటే బయటపడుతోంది. గైడు తన పాత మ్యాపు తీసి వేలు పెట్టి చూపించాడు. దాని ప్రకారం మా పడవ నీళ్ళలో లేదు, మంచు లోపల ఉంది. పడవలో ఎవరూ మాట్లాడలేదు. వెళ్ళినందుకు సిగ్గు పడుతున్నానా అంటే కొంచెం. వెళ్ళకుండా ఉండేదాన్నా అంటే అబద్ధం చెప్పలేను.

ఖర్చు ఓడకే మనిషికి ఏడు లక్షలు దాటింది, విమానాలు కాక. నా గ్రాట్యుటీ డబ్బు. అంత లేనివాళ్ళకి వేరే దారి ఉంది. 1893లో మొదలైన హర్టిగ్రూటెన్ అనే తీరపు ఓడ మార్గం ఇప్పుడు బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా నడుస్తోంది, మన పల్లెవెలుగు బస్సులా ముప్పై నాలుగు రేవుల్లో ఆగుతూ సరుకూ జనాన్నీ మోస్తుంది. రెండు మూడు రేవుల మధ్యకే టికెట్టు కొనుక్కోవచ్చు. లోఫోటెన్ అలా చూడొచ్చు. పక్క సీట్లో ఊరివాళ్ళుంటారు. నన్నడిగితే మళ్ళీ వెళ్తే దాంట్లోనే.

కాకినాడ నుంచి ఎనిమిదో తరగతి అమ్మాయి: టీచర్, అక్కడ పెంగ్విన్లు ఉన్నాయా? మీరు ఉత్తర ధ్రువం దాకా వెళ్ళారా?

పెంగ్విన్లు లేవమ్మా, అవి దక్షిణార్ధగోళం పక్షులు. 1930ల్లో కొన్నిటిని తెచ్చి నార్వే ఉత్తర తీరంలో వదిలారు, నిలవలేదు. దానికి బదులు ఆర్కిటిక్ టెర్న్ అనే పిట్టని చెప్తాను. గుప్పెడు పిట్ట, వేసవిలో అక్కడ గుడ్లు పెట్టి, చలికాలానికి అంటార్కిటికా దాకా ఎగిరిపోయి, మళ్ళీ వస్తుంది. రెండు ధ్రువాల దగ్గరా దానికి ఇల్లుంది. గూడు దగ్గరికి పోతే నెత్తి మీద పొడుస్తుంది. మా ఆయన బట్టతల మీద పొడిచింది, అందుకే కర్ర పైకి ఎత్తి పట్టుకుని నడవమంటారు, అది ఎత్తుగా ఉన్నదాన్ని పొడుస్తుంది.

ధ్రువం దాకా వెళ్ళలేదు. స్క్రీన్ మీద 80 డిగ్రీల ఉత్తరం అని పడింది. ఎదురుగా మంచు పలకలు ఒకదానికొకటి రాసుకుంటూ కనుచూపు మేరా పరుచుకుని ఉన్నాయి. కెప్టెన్ కాసేపు ఓడని అక్కడే నిలిపి, తర్వాత వెనక్కి తిప్పాడు. అక్కణ్ణుంచి ధ్రువం ఇంకా పది డిగ్రీలు. ఒక్కో డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు, ఎంతయిందో నువ్వే వెయ్యి. అంకె వస్తుంది గానీ దూరం తెలియదు కదా, ఇలా చెయ్యి. అట్లాసులో మన దేశం పేజీ తియ్యి. రాజమండ్రి మీద స్కేలు పెట్టు. పక్కకి పోకుండా నిటారుగా పైకి పది డిగ్రీలు జరుపు. ఏ ఊరి దగ్గర ఆగిందో చూసి నాకు ఉత్తరం రాయి.